బొటనవేలి దక్షిణ

మా పిన్ని తెనాలిలో ఉంటుంది. బాబాయి పోయి ఆరేళ్ళయింది. పిల్లలిద్దరూ దేశంలో లేరు. పాత పెంకుటిల్లు, పెరట్లో వేపచెట్టు, పొద్దునొకసారి సాయంత్రమొకసారి వచ్చిపోయే పనిమనిషి, చేతిలో ఒక ఫోను. ఇదీ ఆవిడ సంసారం. చుట్టాలందరం కలిసి వాట్సాపులో ఒక గ్రూపు పెట్టుకున్నాం లెండి, 43 మందిమి. అందులో అందరికంటే ముందు తెల్లవారేది పిన్నికే. నాలుగున్నరకల్లా గులాబీపువ్వు మీద సుప్రభాతం, అయిదింటికి ఒక సూక్తి, అయిదున్నరకి వంటింటి వైద్యం, ఆరింటికి దేశభక్తి. మేం లేచి పళ్ళు తోముకునేసరికి ఆవిడ సంపాదకత్వంలో ఒక దినపత్రిక వెలువడి ఉంటుంది.

2023 మార్చి నెల, ఉగాదికి ముందురోజు. ఆనాటి సంచికలో పెద్ద వార్త, కోట శ్రీనివాసరావుగారు ఇక లేరని. దండ వేసిన ఫొటో, కింద ఎర్రటి అక్షరాలు, పక్కన కళ్ళు తుడుచుకుంటున్న మరో నటుడి బొమ్మ. పది నిమిషాల్లో 27 దణ్ణాలు పడ్డాయి. అందులో ఒకటి నాదే. పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి, ఒక చేతిలో గరిటె ఉంది, రెండో చేతి బొటనవేలితో ఆ మహానటుణ్ణి సాగనంపేశాను.

కాసేపటికి కోటగారే స్వయంగా కెమెరా ముందు కూర్చుని, తాను నిక్షేపంలా ఉన్నానని చెప్పుకోవలసి వచ్చింది. పండగ ఎలా చేసుకోవాలా అని ఇంట్లో మాట్లాడుకుంటూంటే ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయనీ, చివరికి బందోబస్తుకని పోలీసులు కూడా వచ్చేశారనీ చెప్పారాయన. ఎనభై ఏళ్ళ మనిషి తాను బతికున్నానని తనకి తానే సాక్ష్యం చెప్పుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఆ తరవాత రెండేళ్ళకి పైగా ఉండి, 2025 జులై 13న ఆయన నిజంగానే కన్నుమూశారు. ఆ వేళ మా గ్రూపులో ఎవరో "మళ్ళీనా?" అని అడిగారు. నిజమైన చావుకి కూడా ముందు అనుమానమే ఎదురొచ్చింది.

ఆ ఉగాది ముందురోజు కోటగారు మాట్లాడిన వీడియోని గ్రూపులో పెట్టింది నేనే. చావు కబురుకి 27 దణ్ణాలన్నానా? బతికున్న కబురుకి వచ్చినవి మూడు. ఆ మూడింట్లో ఒకటి మావారిది, పక్కగదిలోంచి.

అప్పట్నించీ నాకు ఈ లెక్కలు చూసే జబ్బు పట్టుకుంది.

పత్రికలవాళ్ళు అప్పుడప్పుడు నాచేత పుస్తకాల మీద సమీక్షలు రాయిస్తూంటారు. ఈసారి పుస్తకం జోలికి పోకుండా, పుస్తకాలకంటే ఎక్కువమంది కళ్ళబడుతున్న ఒక రచనా ప్రక్రియని విమర్శిద్దామని కూర్చున్నాను. అదే, యూట్యూబు వీడియోలకి ముఖచిత్రంగా వేసే బొమ్మ, దాని మీద నాలుగు ముక్కలు. థంబ్‌నెయిల్ అంటారు దాన్ని. అంటే బొటనవేలి గోరు. గోరంత జాగాలో కొండంత కథ చెప్పాలి కనక, ఆ పేరు బాగానే కుదిరింది.

బి.ఏ.లో మాకు అలంకారశాస్త్రం చెప్పిన మాస్టారు ఇవాళ ఉండి ఉంటే, ఈ ప్రక్రియకి కూడా లక్షణాలు చెప్పి ఉండేవారు. కర్త ఎప్పుడూ సగమే కనిపిస్తాడు: 'ఆ స్టార్ హీరో', 'ఆ ఇంటి కోడలు'. క్రియ ఎప్పుడూ పూర్తికాదు: 'చివరికి ఏం జరిగిందంటే' అని మూడు చుక్కలు. విశేషణాలకి మాత్రం లోటు లేదు. ప్రతి విషయమూ షాకే, ప్రతి కన్నీరూ ఆగనిదే, ప్రతి రహస్యమూ ఇంతవరకూ ఎవరూ చెప్పనిదే. ఒక బాణంగుర్తు, ఒక ఎర్ర సున్న. సున్నలోకి తొంగిచూస్తే ఏమీ ఉండదు. వీటన్నిటికంటే నేను మెచ్చుకున్నది ప్రశ్నార్థకాన్ని. 'విడాకులు?' 'పరిస్థితి విషమం?' చూసేవాడికి అది ప్రశ్నలా వినపడదు, కబురులాగే వినపడుతుంది. రేపు లాయరు నోటీసు వస్తే మాత్రం అది ప్రశ్నే. ఒక వంకర గీత, దానికింద చుక్క. అంతలోనే నిందా వేశారు, ముందస్తు బెయిలూ తెచ్చుకున్నారు.

ఇంతకంటే పెద్ద నేరం ఒకటుంది. అది భాష మీద జరిగింది.

మన తెలుగులో 'ట' అని ఒక్క అక్షరం ఉంది చూడండి. 'పోయాడు' అన్నవాడు చూసినవాడు. 'పోయాడట' అన్నవాడు విన్నవాడు. ఈ సదుపాయం ఇంగ్లీషువాళ్ళకి లేదు పాపం, వాళ్ళు దీనికోసం ఒక వాక్యం కట్టుకోవాలి. మనకి ఒక్క అక్షరం చాలు. మా అమ్మమ్మకి చదువు రాదు, సంతకం దగ్గర వేలిముద్రే. అయినా జీవితంలో ఒక్కసారి కూడా విన్నదాన్ని చూసినట్టు చెప్పలేదావిడ. "పక్కవీధి కరణంగారి అమ్మాయి పుట్టింటికి వచ్చేసిందట" అనేది. 'ట' అనగానే మా తాతయ్య పేపరు దించి, "ఎవరన్నారు?" అనేవాడు. "చాకలి సుబ్బులు." "సుబ్బులికి ఎవరు చెప్పారు?" ఇలా రెండు మెట్లు దిగేసరికి సగం కబుర్లు నీళ్ళు కారిపోయేవి. ఆ అమ్మాయి కానుపుకి వచ్చిందని తేలేది.

ఇప్పుడు ఆ బాణంగుర్తు నొక్కేవాళ్ళకి 'ట' కలిపే పనిలేదు. కబురు ఎలా పుట్టిందో అదే గొంతుతో, అదే ధీమాతో వెళ్ళిపోతుంది. 2018లో వాట్సాపువారు ఇలా పంపిన వాటి నెత్తిన 'ఫార్వర్డెడ్' అని సన్నటి అక్షరాలు వేయడం మొదలెట్టారు గాని, మా పిన్నికి ఆ అక్షరాలు కనిపించవు, కళ్ళజోడు మార్చి రెండేళ్ళయింది.

ఇంతకీ ఈ రచయితలు ఎందుకు రాస్తున్నట్టు? కీర్తి కోసం కాదు, ఎవరి పేరూ ఉండదు. యూట్యూబువారి లెక్క 2018 నుంచీ ఇలా ఉంది: ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే చానెలుకి 1000 మంది చందాదారులుండాలి, ఏడాదిలో జనం 4000 గంటలసేపు చూసి ఉండాలి. ఆ మెట్టు ఎక్కితే ఆ వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో నూటికి 55 వంతులు చానెలువారివి. (పొట్టి వీడియోల లెక్క వేరే లెండి.) 2012 దాకా ఎంతమంది చూశారన్నదే ముఖ్యంగా ఉండేది. ఆ తరవాత ఎంతసేపు చూశారన్నది ముఖ్యమైంది. అదీకాక 2020 నుంచి వీడియో ఎనిమిది నిమిషాలకి తగ్గకుండా ఉంటే మధ్యలో కూడా ప్రకటనలు దూర్చుకోవచ్చు. రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతిని "దానికంటే ముందు మనం ఒక విషయం తెలుసుకోవాలి ఫ్రెండ్స్" అంటూ ఎందుకు సాగదీస్తారో నాకు అప్పుడు బోధపడింది. అబద్ధం చెబితే ఇంత, నిజం చెబితే ఇంత అనే తేడా ఆ రేటులో లేదు. కూర్చున్నంతసేపటికి కూలి, అంతే.

శిక్షలు అసలు లేవని అనను. 2024 జులైలో మన సినిమా నటుల సంఘం 'మా' ఫిర్యాదు చేస్తే అయిదు చానెళ్ళు మూతబడ్డాయని ఆ సంఘంవారే ప్రకటించారు. కాని శిక్ష ఎప్పుడో వస్తుంది, ఒకరికి వస్తుంది. బహుమానం నిమిషనిమిషానికీ అందరికీ వస్తుంది. పిల్లల్ని పెంచినవాళ్ళెవరికైనా తెలుసు, వీటిలో ఏది పనిచేస్తుందో.

"ఏమమ్మా, మీ సీరియల్ నవలలు మాత్రం ఏం తక్కువ తిన్నాయి?" అని మీరు అడగబోతున్నారు. అడగండి. నా మొదటి సీరియల్ వస్తున్న రోజుల్లో నేను కూడా ఇదే పని చేశాను. అందులో ఒక ఏడుపుగొట్టు ఆడబడుచుని పన్నెండో వారంలో కాపురానికి పంపేద్దామనుకున్నాను. ఆవిడ మీద కోపంతో ఉత్తరాలు రావడం మొదలైంది. వారానికి నలభై, యాభై. ఎడిటరుగారు ఫోన్ చేసి, "అమ్మా, ఆవిణ్ణి ఇంకో ఎనిమిది వారాలు ఉంచండి" అన్నారు. ఉంచాను. అవసరం లేని నగల దొంగతనం ఒకటి ఆవిడ నెత్తిన రుద్దాను కూడా. ఇవాళ ఆ నవల తిరగేస్తే నాకే సిగ్గేస్తుంది. పొగడ్త కంటే తిట్టు తొందరగా ఉత్తరం రాయిస్తుందని నాకప్పుడే తెలిసింది.

తేడా ఏమిటంటే, నా ఆడబడుచు కల్పన అని పత్రిక పైనే రాసి ఉంది. ఆ ఉత్తరాలు నాకు చేరడానికి వారం పట్టేది, మధ్యలో ఒక ఎడిటరు ఉండేవాడు. పైగా నన్ను తిట్టిన ఉత్తరాలు కూడా అందరూ చదివే పేజీలోనే అచ్చయ్యేవి.

నేను చిన్నబుద్ధితో కనిపెట్టిన ఆ రహస్యాన్నే ఫేస్‌బుక్‌వారు పెద్ద ఎత్తున కనిపెట్టారు. వాళ్ళ లైకు గుర్తు, పైకెత్తిన బొటనవేలు, పుట్టింది 2009లో. 2016లో దానికి తోడు ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, దుఃఖం, కోపం ముఖాలు వచ్చాయి. నవరసాలకి కొన్ని తక్కువ. ఎవరికి ఏ పోస్టు ముందు చూపించాలో నిర్ణయించే లెక్కలో, 2017 నుంచి ఈ ముఖాలు ఒక్కొక్కటీ అయిదు లైకులకి సమానమయ్యాయి. అంటే మీరు ఒక రాతని మెచ్చుకుంటే ఒక మార్కు, మండిపడితే అయిదు. మనింట్లో మాత్రం? అలిగి కూర్చున్న చుట్టానికే కదూ మొదటి కాఫీ! ఆ కోపం ముఖాలు పడే వాటిలో అబద్ధాలూ చెత్తా పాలు ఎక్కువని వాళ్ళ సొంత ఉద్యోగులే చెప్పగా చెప్పగా, 2020 సెప్టెంబరుకి ఆ కోపం విలువని సున్నా చేశారు. ఈ సంగతులన్నీ ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని 2021లో కాగితాలు బయటపెట్టాక లోకానికి తెలిశాయి.

అబద్ధానికి కాళ్ళెక్కువని మనకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎంత ఎక్కువో కొలిచినవాళ్ళున్నారు. అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్ళు ముగ్గురు, 2006 నుంచి 2017 దాకా ట్విట్టరులో తిరిగిన సుమారు 1,26,000 కబుర్లని తీసుకుని పరిశీలించి, 2018లో 'సైన్స్' పత్రికలో అచ్చువేశారు. నిజం కంటే అబద్ధాన్ని ఇంకొకరికి పంపే అవకాశం 70 శాతం ఎక్కువట. 1500 మందికి చేరడానికి అబద్ధానికి పట్టే కాలానికి ఆరురెట్లు నిజానికి పడుతుందట. (చూశారా, నేను చూడలేదు, చదివాను. అందుకే 'ట' వేశాను.) ఇదంతా యంత్రాలు చేస్తున్న మాయేమో అని వాటిని ఏరేసి మళ్ళీ లెక్కపెడితే, లెక్క మారలేదు. పంపేది మనుషులే. అబద్ధం కొత్తగా ఉంటుంది కాబట్టి పంపుతున్నారని వాళ్ళ ఊహ. నిజం పాపం రోజూ వండే పప్పు.

సరే, చానెలువాడికి డబ్బు వస్తుంది. మరి మా పిన్నికి ఏమొస్తుంది?

ఇక్కడే నా కథలో నాకు ఇష్టంలేని భాగం ఉంది.

పిన్నికి పధ్నాలుగేళ్ళుగా షుగరు. పొద్దునొక మాత్ర, రాత్రొకటి, తప్పకుండా వేసుకునేది. నిరుడు కార్తీకమాసంలో ఆవిడ ఒక వీడియో పంపింది. ఏదో ఆకు కషాయం మండలం రోజులు తాగితే షుగరు వేళ్ళతో సహా పోతుందనీ, మందుల కంపెనీలు ఈ సంగతి బయటికి రానివ్వవనీ. దాని కింద "నేను మొదలుపెట్టాను" అని ఆవిడ రెండు ముక్కలు రాసింది. 31 బొటనవేళ్ళు లేచాయి. నాదీ లేచింది. మా చిన్న పిన్ని కొడుకు అమెరికాలో డాక్టరు, వాడిదీ లేచింది.

మొదలుపెట్టానన్నది కషాయం గురించని మేమనుకున్నాం. మాత్రలు మానేయడం కూడా మొదలుపెట్టిందని సంక్రాంతి వెళ్ళాక తెలిసింది. చెప్పు పట్టీ ఒరుసుకుని కాలికి పుండు పడింది. నొప్పి తెలియలేదు, షుగరు ముదిరితే తెలియదుట. పనిమనిషి చూసి పక్కింటివాళ్ళకి చెబితే, వాళ్ళు గుంటూరు తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చారు. 19 రోజులున్నాం అక్కడ. కాలి చిటికెనవేలు తీసేశారు.

ఆస్పత్రిలో ఏం తోచక ఒక రాత్రి పిన్ని ఫోను తీసి చూశాను. తెరవగానే ఆకులు, కషాయాలు, 'డాక్టర్లు దాచిన నిజం', 'ఈ పరీక్షలన్నీ మోసం', మళ్ళీ ఆకులు. ఎంత కిందికి జరిపినా ఆకులే. ఒక్క వీడియో కూడా "ఆగమ్మా, మాత్రలు మానకు" అనలేదు. పక్కన నా ఫోను తెరిస్తే చీరలు, నవలలు, ఒక బొద్దు పిల్లి. ఒకే మంచం మీద ఆవిడ తలవైపు, నేను కాళ్ళవైపు. ఆవిడున్న లోకం ఒకటి, నాది ఒకటి. మా చిన్నప్పుడు ఇంటికి ఒక్క వారపత్రిక వచ్చేది. అది నాన్న చదివి, అమ్మ చదివి, మాకిచ్చి, ఎదురింటి అత్తయ్యగారు పట్టుకెళ్ళి, తిరిగొచ్చేసరికి అట్ట ఊడిపోయి ఉండేది. పోట్లాడుకున్నా అందరం ఒకే పేజీ గురించి పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరి పత్రిక వాళ్ళదే, ఒక్క కాపీయే అచ్చవుతుంది. అది చదివేవాళ్ళు ఒక్కరే, ఆ ఒక్కరికీ నచ్చిందే అందులో ఉంటుంది.

దీన్ని ఇంగ్లీషులో ఎకో ఛాంబర్ అంటున్నారు. నాకా మాట వింటే గోల్కొండ గుర్తొస్తుంది. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసారులో వినపడుతుంది. శత్రువులు వస్తే పైనున్నవాళ్ళకి తెలియాలని ఆ ఏర్పాటు అని గైడు చెబుతాడు. మా పిన్ని ఫోనులో అదికూడా లేదు. ఆవిడ చప్పట్లు ఆవిడకే వినపడుతున్నాయి, శత్రువు సంగతి చెప్పే నాథుడు లేడు.

పాపమంతా యంత్రం నెత్తిన పెట్టి చేతులు దులుపుకుందామంటే, అదీ కుదరడం లేదు. 2020 అమెరికా ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్‌లో 23,000 మందికి పైగా మనుషులకి, తమ భావాలే కలవాళ్ళ రాతలు మూడోవంతు తగ్గించి మూడు నెలలు చూశారు. 2023లో 'నేచర్' పత్రికలో ఆ ఫలితం వచ్చింది. వాళ్ళ అభిప్రాయాల్లో కొలవదగ్గ మార్పేమీ లేదు. పండితులు చెప్పింది కాదనను. కాని పదిహేనేళ్ళుగా అలవాటైనదాన్ని మూడు నెలలు తగ్గిస్తే మారతారా? అదీకాక, ఏ పార్టీకి ఓటు వెయ్యాలన్నది వేరు, పొద్దున మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది వేరు.

నాకు వీటన్నిటికంటే మనసుకి తగిలింది మరో పరిశోధన. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వెండీ వుడ్ అనే ఆవిడ, మరి ఇద్దరూ కలిసి 2,476 మంది ఫేస్‌బుక్ వాడేవాళ్ళని పరిశీలించి 2023లో ప్రకటించారు. తప్పుడు కబుర్లు పంపేది దుర్మార్గులో, తెలివితక్కువవాళ్ళో అని మనం అనుకుంటాం. కాదుట. అలవాటుపడినవాళ్ళుట. పంపడం బాగా అలవాటైపోయిన నూటికి 15 మందే, చెలామణి అయిన అబద్ధపు వార్తల్లో 30 నుంచి 40 శాతం పంపారు. పంపగానే నాలుగు వేళ్ళు లేస్తాయి, మళ్ళీ పంపుతాం. కొన్నాళ్ళకి ఆ వేళ్ళు లేవకపోయినా చెయ్యి దానంతటదే పోతుంది. వాళ్ళు ఇంకోటి కూడా చేసి చూశారు. నిజమైన వార్త పంపితేనే బహుమానమని చెప్పి అలవాటు చేస్తే, తరవాత బహుమానం ఆపేసినా వాళ్ళు నిజాలే ఎక్కువగా పంపారు. అంటే మనిషిలో లోపం కాదు, దేనికి మెచ్చుకుంటున్నామో దాంట్లో ఉంది లోపం.

పిన్ని ఆస్పత్రిలో ఉండగా అమెరికా డాక్టరు తమ్ముడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, నువ్వు డాక్టరువి కదురా. ఆ కషాయానికి లైకు ఎందుకు కొట్టావు?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "చూడలేదక్కా. పెద్దమ్మ పెట్టింది కదా అని కొట్టాను" అన్నాడు. వాణ్ణి ఏమనగలను? నేనూ చూడలేదు. నేనూ పిన్ని పెట్టింది కదా అనే కొట్టాను. మేం ముప్ఫై ఒక్కరం చెప్పినదల్లా "పిన్నీ, నువ్వు లేచావని తెలిసింది, సంతోషం" అని. పిన్నికి వినపడింది "కషాయం మంచిదే, కానియ్యి" అని. ఆ బొటనవేలికి ఈ రెంటికీ తేడా తెలియదు. ఏకలవ్యుడు తన బొటనవేలు ఎవరికి ఇస్తున్నాడో, ఎందుకు ఇస్తున్నాడో తెలిసే ఇచ్చాడు. మేం పొద్దున పాలు పొంగేలోపల, దేనికని చూడకుండా రోజుకి పాతికసార్లు ఇచ్చేస్తున్నాం.

అడ్డుకట్టలు వేయలేమని కాదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతా ఒక వీడియో పాకింది గుర్తుందా? నిజానికది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన చిన్న ప్రచార చిత్రం. మోటారుసైకిలు మీద వచ్చినవాడు పిల్లవాణ్ణి ఎత్తుకుపోతాడు, చివర్లో వెనక్కి తెచ్చి దింపి, జాగ్రత్త అని అట్ట చూపిస్తాడు. ఎవరో ఆ చివరి భాగం కత్తిరించి పంపారు. థంబ్‌నెయిల్ కవులు వాక్యం చివర కత్తిరిస్తే, వీళ్ళు కథ చివరే కత్తిరించారు. ఆ జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో అయిదుగురు అమాయకుల్ని జనం కొట్టి చంపేశారు. ఆ ఏడు మన గద్వాల జిల్లాలో ఎస్పీగా రెమా రాజేశ్వరిగారు ఉండేవారు. అక్కడి పల్లెలకి తన కానిస్టేబుళ్ళని పంపి, ఇంటింటికీ చెప్పించి, పాటలు కట్టించి డప్పు మీద పాడించారు. ఆ పల్లెల్లో ఈ పుకారుకి ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఫోనులోంచి వచ్చినదానికి మనిషి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు, అంతే.

కంపెనీలు కూడా కదలకపోలేదు. ఆ జులైలోనే వాట్సాపువారు మనదేశంలో ఒక కబురుని ఒకసారికి అయిదింటికి మించి పంపకుండా కట్టుబాటు చేశారు. 2020 ఏప్రిల్లో, చేతులు బాగా మారిన కబుర్లని ఒకసారికి ఒక్కచోటికే పంపగలిగేలా చేశారు. అలాంటివి 70 శాతం తగ్గాయని వాళ్ళే చెప్పారు. ట్విట్టరు పేరు ఎక్స్ అయ్యాక, 2023లో రాతలకి డబ్బు పంచడం మొదలెట్టి, నాలుగు నెలలు తిరక్కుండానే, దిద్దుబాటు పడిన రాతలకి డబ్బు ఇవ్వమని ప్రకటించారు. డబ్బు ఇస్తే ఏం రాస్తారో వాళ్ళకి అంత తొందరగా తెలిసొచ్చిందన్నమాట.

మా గ్రూపులో కూడా ఒక కట్టుబాటు చేసుకున్నాం. పిన్నికి తెలియకుండా మిగిలినవాళ్ళం మాట్లాడుకుని, వైద్యాలకీ చావులకీ ఎవరూ వేలెత్తకూడదని.

మొన్న మంగళవారం పొద్దుటే అయిదున్నరకి పిన్ని పంపింది. మెంతులు నానబెట్టిన నీళ్ళు తాగితే మోకాళ్ళ నొప్పులు పోతాయని ఒక వీడియో. దానికింద సొంతంగా టైపు చేసింది, "తగ్గుతాయట" అని. 'ట' వేసిందే అని నేను లోపల్లోపల మురిసిపోయాను. కాని కట్టుబాటు కట్టుబాటే. ఎవరూ పలకలేదు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. బుధవారం సూక్తి రాలేదు, గులాబీపువ్వూ రాలేదు.

బుధవారం రాత్రి ఫోన్ మోగింది.

"ఏమే అమ్మడూ, మీ ఫోన్లన్నీ పాడయ్యాయా? లేకపోతే నాదే పాడయిందా? నిన్నట్నించీ ఒక్కళ్ళూ పలకరే. అందరూ బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నాం పిన్నీ. నీ ఫోనూ బాగానే ఉంది" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. "శనివారం వస్తున్నాను" అన్నాను.

"రా. వచ్చేటప్పుడు గుంటూరులో దిగి ఆ మాత్రలు తీసుకురా. రెండు రోజులకే ఉన్నాయి" అంది పిన్ని.

రేపు పొద్దుటి బస్సుకే వెళ్తున్నాను. శనివారం దాకా ఆగితే మాత్రలు అయిపోతాయి.